యుఎస్‌బి డ్రైవులలో వ్రాత రక్షణ

యుఎస్‌బి డ్రైవులో వ్రాత రక్షణ లేదా రైట్ ప్రొటెక్షన్ అనగా డ్రైవులో ఉన్న సమాచారాన్ని చదవటానికి అనుమతిస్తూ, క్రొత్తగా వ్రాయటాన్ని, ఉన్నదానిని మార్చటాన్ని, చెరపటాన్ని నిరోధించే స్థితి. ఈ స్థితిలో ఉన్న డ్రైవులోనికి ఒక ఫైలును నకలు చేయబోతే, డిస్కుకు వ్రాత రక్షణ ఉన్నదని, దానిని తొలగించవలెనని లేదా మరొక డిస్కును వాడవలెనని విండోస్ ఒక సందేశాన్ని చూపుతుంది. భారతదేశంలో ఈ డ్రైవులను సాధారణంగా పెన్ డ్రైవులు అని పిలుస్తారు.

సందేశం ఒక్కటే అయినా దాని వెనుక నాలుగు రకాల కారణాలు ఉండవచ్చు. అవి డ్రైవు మీద ఉండే మీట, కంప్యూటరులో అమర్చిన నిబంధన, ఫైలు వ్యవస్థలో దోషం, డ్రైవు లోపలి కంట్రోలరు తనకు తానుగా వేసుకొనే తాళం. మొదటి మూడింటిని చాలావరకు సరిచేయవచ్చు. నాల్గవది మాత్రం ఎక్కువ సందర్భాలలో డ్రైవు ఆయుష్షు ముగియవచ్చినదనటానికి సూచన. కాబట్టి కారణం ఏమిటో నిర్ధారించుకొనే వరకు డ్రైవును ఫార్మాట్ చేయరాదు. ముందుగా లోపలి ఫైళ్ళను వేరొక చోటికి నకలు చేసుకోవాలి.

చరిత్ర

నిల్వ సాధనాలకు వ్రాత రక్షణ కల్పించటం యుఎస్‌బి డ్రైవుల కంటే పాత పద్ధతి. 5.25 అంగుళాల ఫ్లాపీ డిస్కు అంచున ఒక గాడి ఉండేది. ఆ గాడిని చిన్న అంటుడు కాగితంతో మూసివేస్తే డిస్కు మీద వ్రాయటం వీలయ్యేది కాదు. 3.5 అంగుళాల ఫ్లాపీలో మూలన ఒక జారుడు మీట ఉండేది. దానిని జరిపి రంధ్రాన్ని తెరిస్తే డిస్కుకు రక్షణ కలిగేది. ముఖ్యమైన సమాచారం పొరపాటున చెరిగిపోకుండా ఉండటమే ఈ ఏర్పాట్ల ఉద్దేశం.

యుఎస్‌బి డ్రైవులలో వాడే ఫ్లాష్ మెమరీని తోషిబా సంస్థలో పనిచేసిన జపాను ఇంజనీరు ఫుజియో మసువోకా 1980వ దశకంలో రూపొందించాడు. అందులో నాండ్ అనే రకాన్ని 1987లో ప్రకటించారు. ఈ మెమరీతో తయారైన యుఎస్‌బి డ్రైవులు 2000 సంవత్సరంలో అమ్మకానికి వచ్చాయి. తొలి తరం డ్రైవులలో కొన్నింటికి ఫ్లాపీకి ఉన్నట్లే వ్రాత రక్షణ మీట ఉండేది. తరువాతి కాలంలో వచ్చిన చవక డ్రైవులలో అధిక శాతం మీట లేకుండానే తయారవుతున్నాయి.

2000వ దశకం రెండవ భాగంలో ఈ మీటకు మరొక ప్రయోజనం ఏర్పడింది. అప్పటి విండోస్‌లో ఉన్న ఆటోరన్ సదుపాయాన్ని ఆసరాగా చేసుకొని అనేక వైరస్‌లు పెన్ డ్రైవుల ద్వారా వ్యాపించాయి. 2008లో బయటపడిన కాన్‌ఫికర్ వాటిలో పేరు పడినది. కళాశాల ప్రయోగశాలలలో, ఇంటర్నెట్ కేంద్రాలలో, ప్రింట్లు తీసే దుకాణాలలో ఒకే కంప్యూటరుకు ఎందరో తమ డ్రైవులను తగిలించేవారు కాబట్టి వైరస్ ఒకరి నుండి మరొకరికి సులభంగా ప్రాకేది. మీట ఉన్న డ్రైవును రక్షణ స్థితిలో పెట్టి తగిలిస్తే కంప్యూటరులోని వైరస్ డ్రైవులోనికి చేరలేదు. 2011 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ పాత విండోస్ కూర్పులకు కూడా నవీకరణ ద్వారా యుఎస్‌బి డ్రైవుల ఆటోరన్‌ను నిలిపివేసిన తరువాత ఈ ముప్పు తగ్గింది.

పనిచేసే విధానం

యుఎస్‌బి డ్రైవులో ముఖ్యంగా రెండు భాగాలు ఉంటాయి. మొదటిది సమాచారం నిలువ ఉండే నాండ్ ఫ్లాష్ చిప్పు. రెండవది కంప్యూటరుకు, ఆ చిప్పుకు మధ్యవర్తిగా పనిచేసే కంట్రోలరు. కంప్యూటరు ఎన్నడూ ఫ్లాష్ చిప్పును నేరుగా తాకదు. ఫలానా చోట ఉన్నది చదువు, ఫలానా చోట ఇది వ్రాయి అని కంట్రోలరును కోరుతుంది. ఈ కోరికలు స్కసీ అనే ఆజ్ఞల సముదాయం రూపంలో వెళ్తాయి.

డ్రైవును తగిలించగానే ఆపరేటింగ్ సిస్టం దాని వివరాలను అడుగుతుంది. కంట్రోలరు ఇచ్చే జవాబులో వ్రాత రక్షణను తెలిపే ఒక బిట్ ఉంటుంది. ఆ బిట్ విలువ 1 అయితే రక్షణ ఉన్నట్లు, 0 అయితే లేనట్లు అర్థం. రక్షణ లేదని మొదట చెప్పిన డ్రైవు కూడా తరువాత వ్రాయమని కోరినప్పుడు నిరాకరించి, కారణం వ్రాత రక్షణ అని తెలుపవచ్చు.

ఇక్కడ గమనించవలసిన విషయం ఏమిటంటే, రక్షణ కంప్యూటరు వైపు పెట్టినదైతే దానిని కంప్యూటరులోనే తొలగించవచ్చు. కంట్రోలరే వ్రాయటానికి నిరాకరిస్తున్నట్లయితే కంప్యూటరులో ఏ అమరికను మార్చినా ఫలితం ఉండదు. సమస్యను పరిష్కరించబోయే వారిలో చాలామంది ఈ భేదాన్ని గమనించక వృథాగా శ్రమపడతారు.

కారణాలు

మీట

డ్రైవుకు జారుడు మీట ఉంటే అది సంచిలోనో జేబులోనో రాపిడి తగిలి జరిగి ఉండవచ్చు. కార్డు రీడరు ద్వారా వాడే ఎస్‌డి కార్డు ఎడమ అంచున కూడా ఇటువంటి మీటే ఉంటుంది. అయితే ఎస్‌డి కార్డు మీటకు, కార్డు లోపలి విద్యుత్ వలయానికి ఏ సంబంధమూ లేదు. మీట ఏ స్థానంలో ఉన్నదో రీడరు గుర్తించి కంప్యూటరుకు తెలుపుతుంది. అందువలన రీడరులోని స్పర్శ తీగ వంగినా, కార్డు మీట వదులై లోనికి తోసేటప్పుడు వెనుకకు జారినా, కార్డు బాగానే ఉన్నప్పటికీ రక్షణ సందేశం వస్తుంది. మీట విరిగి ఊడిపోతే కార్డు ఎల్లప్పుడూ రక్షణలో ఉన్నట్లే కనిపిస్తుంది. ఆ గాడి మీద పలుచని అంటుడు పట్టీ అతికిస్తే కార్డు తిరిగి పనిచేస్తుంది. మైక్రో ఎస్‌డి కార్డుకు మీట ఉండదు కాని, దానిని అమర్చే అడాప్టరుకు ఉంటుంది.

కంప్యూటరులోని నిబంధన

కార్యాలయాలలో, బ్యాంకులలో, పరీక్షా కేంద్రాలలో సమాచారం బయటకు పోకుండా ఉండటానికి యుఎస్‌బి డ్రైవులలో వ్రాయటాన్ని నిషేధిస్తుంటారు. 2004లో వచ్చిన విండోస్ ఎక్స్‌పి రెండవ సర్వీస్ ప్యాక్ నుండి రిజిస్ట్రీలో దీనికి ఒక అమరిక ఉన్నది. హెచ్‌కీ లోకల్ మెషీన్ విభాగంలో సిస్టం, కరెంట్ కంట్రోల్ సెట్, కంట్రోల్ అనే శాఖల క్రింద స్టోరేజ్ డివైస్ పాలసీస్ అనే చోట రైట్ ప్రొటెక్ట్ విలువ 1గా ఉంటే, ఆ కంప్యూటరుకు తగిలించే యుఎస్‌బి డ్రైవులన్నీ చదవటానికి మాత్రమే వీలవుతాయి. ఈ శాఖ అన్ని కంప్యూటర్లలో ఉండదు. లేకపోతే ఈ నిబంధన పెట్టలేదని అర్థం.

విండోస్ విస్టా నుండి గ్రూప్ పాలసీ ద్వారా కూడా ఇదే పని చేయవచ్చు. విండోస్ 7తో వచ్చిన బిట్‌లాకర్ టు గో సదుపాయంలో, గుప్తీకరించని డ్రైవులలో వ్రాయనీయకుండా చేసే నిబంధన ఉన్నది. కొన్ని వైరస్ నిరోధక సాఫ్టువేర్లు సైతం ఇటువంటి ఆంక్షలు పెట్టగలవు.

ఫైలు వ్యవస్థలో దోషం

ఏ ఫైలు డ్రైవులో ఎక్కడ ఉన్నదో తెలిపే పట్టికల అమరికను ఫైలు వ్యవస్థ అంటారు. వ్రాయటం పూర్తికాకముందే డ్రైవును ఊడదీస్తే ఈ పట్టికలలో పొంతన తప్పుతుంది. ఫ్యాట్ ఫైలు వ్యవస్థలో ఇటువంటి దోషం కనబడినప్పుడు లినక్స్ కెర్నెల్ నష్టం పెరగకుండా ఆ డ్రైవును చదవటానికి మాత్రమే వీలయ్యే స్థితికి మారుస్తుంది.

దోషం లేకున్నా కొన్నిసార్లు ఇదే అనుభవం ఎదురవుతుంది. ఎన్‌టిఎఫ్‌ఎస్ పద్ధతిలో ఫార్మాట్ చేసిన డ్రైవును యాపిల్ మ్యాక్ కంప్యూటరు చదువుతుంది కాని అదనపు సాఫ్టువేరు లేనిదే అందులో వ్రాయదు. లినక్స్ స్థాపన కొరకు ఐఎస్ఓ ప్రతిబింబాన్ని యథాతథంగా ఎక్కించిన డ్రైవు సీడీ వంటి ఫైలు వ్యవస్థతో ఉంటుంది కాబట్టి అది కూడా చదవటానికి మాత్రమే పనికివస్తుంది. ఈ రెండు సందర్భాలలోను డ్రైవు చెడిపోలేదు. లోపలి ఫైళ్ళు అవసరం లేకపోతే తగిన పద్ధతిలో తిరిగి ఫార్మాట్ చేస్తే సరిపోతుంది.

కంట్రోలరు వేసుకొనే తాళం

ఫ్లాష్ మెమరీలో ప్రతి కణం విద్యుదావేశాన్ని పట్టి ఉంచటం ద్వారా సమాచారాన్ని నిలువ చేస్తుంది. వ్రాసిన ప్రతిసారి, చెరిపిన ప్రతిసారి కణంలోని పలుచని ఆక్సైడు పొర కొద్దికొద్దిగా అరుగుతుంది. ఒక్కొక్క కణంలో 1 బిట్ నిలువ చేసే చిప్పులు సుమారు 1,00,000 సార్లు చెరిపి వ్రాయటాన్ని తట్టుకొంటాయి. 2 బిట్లు నిలువ చేసేవి కొన్ని వేల సార్లకు, 3 బిట్లు నిలువ చేసేవి ఇంకా తక్కువ సార్లకు అరిగిపోతాయి. తక్కువ ధరలో ఎక్కువ స్థలం ఇచ్చే డ్రైవులలో సాధారణంగా ఈ చివరి రకాలే ఉంటాయి.

చెడిన భాగాలకు బదులుగా వాడుకోవటానికి కంట్రోలరు కొంత స్థలాన్ని అట్టిపెట్టుకొంటుంది. అది అయిపోయినప్పుడు, లేదా ఏ సమాచారం ఏ కణాలలో ఉన్నదో తెలిపే తన సొంత పట్టిక దెబ్బతిన్నట్లు గుర్తించినప్పుడు, అనేక కంట్రోలర్లు వ్రాయటాన్ని పూర్తిగా నిలిపివేస్తాయి. ఆ స్థితిలో ఇంకా వ్రాయటానికి అనుమతిస్తే ఉన్న సమాచారం కూడా పోయే ప్రమాదం ఉంటుంది. వాడుకరికి ఇది ఆటంకంగా కనిపించినా, నిజానికి ఫైళ్ళను బయటకు తీసుకోవటానికి దొరికిన అవకాశం.

కారణాన్ని గుర్తించే విధానం

కారణాన్ని గుర్తించటానికి క్రింది పరీక్షలను ఇదే వరుసలో చేయాలి. వీటిలో ఏదీ డ్రైవులోని సమాచారాన్ని మార్చదు.

1. డ్రైవు మీద గాని, కార్డు మీద గాని, అడాప్టరు మీద గాని మీట ఉన్నదేమో చూడాలి. ఉంటే దానిని రెండవ వైపుకు జరిపి డ్రైవును తిరిగి తగిలించాలి.

2. డ్రైవు తెరుచుకొంటే అందులోని ఫైళ్ళన్నింటిని కంప్యూటరులోనికి నకలు చేయాలి. నకలు చేసిన ఫైళ్ళలో ముఖ్యమైనవాటిని తెరచి సరిగా ఉన్నాయో లేదో పరిశీలించాలి.

3. అదే కంప్యూటరుకు మరొక డ్రైవును తగిలించి ఒక ఫైలు వ్రాయాలి. అది కూడా విఫలమైతే కారణం కంప్యూటరులోనే ఉన్నదని భావించవచ్చు.

4. సమస్య ఉన్న డ్రైవును వేరొక కంప్యూటరుకు తగిలించాలి. అక్కడ పనిచేస్తే డ్రైవులో దోషం లేదు. రెండు మూడు కంప్యూటర్లలో ఇదే సందేశం వస్తే కారణం డ్రైవులోనే ఉన్నది.

5. విండోస్‌లో నిర్వాహకుని హోదాతో డిస్క్‌పార్ట్ సాధనాన్ని తెరచి, లిస్ట్ డిస్క్ అనే ఆజ్ఞతో డ్రైవు సంఖ్యను తెలుసుకొని, సెలెక్ట్ డిస్క్ అనే ఆజ్ఞకు ఆ సంఖ్యను చేర్చి దానిని ఎంచుకోవాలి. తరువాత ఆట్రిబ్యూట్స్ డిస్క్ అనే ఆజ్ఞ ఇవ్వాలి. ఆజ్ఞలను ఆంగ్ల అక్షరాలలో టైపు చేయాలి. వచ్చే జవాబులో రెండు పంక్తులు ముఖ్యం. రీడ్ ఓన్లీ అన్నచోట ఎస్ అని ఉంటే, విండోస్ పెట్టిన గుర్తు ఉన్నదని అర్థం. అక్కడ నో అని ఉండి, కరెంట్ రీడ్ ఓన్లీ స్టేట్ అన్నచోట మాత్రం ఎస్ అని ఉంటే, రక్షణ ఆ గుర్తు వలన కాక కంప్యూటరు నిబంధన వలన గాని, డ్రైవు వలన గాని వచ్చినది. కంప్యూటరు నిబంధన కాదని పై పరీక్షలలో తేలి ఉంటే, ఇక మిగిలినది డ్రైవే.

లినక్స్‌లో ఎల్‌ఎస్‌బిఎల్‌కె ఆజ్ఞ చూపే పట్టికలో ఆర్‌ఓ అనే నిలువు వరుసను చూడాలి. అక్కడ 1 ఉంటే ఆ సాధనం చదవటానికి మాత్రమే వీలయ్యే స్థితిలో ఉన్నట్లు. డ్రైవును తగిలించినప్పుడు కెర్నెల్ సందేశాల చిట్టాలో రైట్ ప్రొటెక్ట్ ఆన్ అన్న పంక్తి కనిపిస్తే, ఆ మాట డ్రైవు స్వయంగా చెప్పినదే. ఆఫ్ అని ఉండి, తరువాత ఫైలు వ్యవస్థ దోషం గురించిన సందేశం ఉంటే కారణం మూడవ రకానికి చెందినది.

సరిచేసే పద్ధతులు

కారణం రిజిస్ట్రీ అమరిక అయితే రైట్ ప్రొటెక్ట్ విలువను 0గా మార్చి, డ్రైవును తీసి మరల తగిలించాలి. అవసరమైతే కంప్యూటరును తిరిగి ప్రారంభించాలి. సొంత కంప్యూటరులో మాత్రమే ఈ మార్పు చేయాలి. కార్యాలయపు కంప్యూటరులో అటువంటి ఆంక్ష ఉద్దేశపూర్వకంగా పెట్టినదై ఉంటుంది కాబట్టి సంబంధిత నిర్వాహకుని అనుమతి కోరాలి.

డిస్క్‌పార్ట్‌లో విండోస్ పెట్టిన గుర్తు కనిపిస్తే ఆట్రిబ్యూట్స్ డిస్క్ క్లియర్ రీడ్ ఓన్లీ అనే ఆజ్ఞతో దానిని తొలగించవచ్చు. చివరి రెండు పదాలను విడదీయకుండా ఒకే పదంగా వ్రాయాలి. ఆజ్ఞ ఇచ్చే ముందు ఎంచుకొన్న డిస్కు సంఖ్యను, దాని పరిమాణాన్ని రెండుసార్లు సరిచూసుకోవాలి. ఇదే సాధనంలో క్లీన్ అనే మరొక ఆజ్ఞ ఉన్నది. అది విభజన పట్టికను చెరిపివేస్తుంది. సంఖ్య పొరబడి క్లీన్ ఆజ్ఞ ఇస్తే కంప్యూటరుకు ఉన్న మరొక డిస్కు ఖాళీగా కనిపించే పరిస్థితి రావచ్చు. వ్రాత రక్షణను తీయటానికి క్లీన్ ఆజ్ఞ అవసరం లేదు.

ఫైలు వ్యవస్థలో దోషం ఉంటే విండోస్‌లో చెక్ డిస్క్, లినక్స్‌లో ఎఫ్‌ఎస్‌సికె సాధనాలతో మరమ్మత్తు చేయవచ్చు. మరమ్మత్తులో కొన్ని ఫైళ్ళు ముక్కలుగా మారటం, పేర్లు కోల్పోవటం జరుగవచ్చు కాబట్టి నకలు తీసిన తరువాతనే ఈ పని చేయాలి. మరమ్మత్తు ఫలించకపోతే, ఫైళ్ళు భద్రంగా ఉన్నాయని నిర్ధారించుకొని ఫార్మాట్ చేయవచ్చు.

సరిచేయటానికి వీలుకాని సందర్భం

కంట్రోలరు తాళం వేసుకొన్న డ్రైవు అన్ని కంప్యూటర్లలోను ఒకే తీరుగా ప్రవర్తిస్తుంది. ఫైళ్ళు తెరుచుకొంటాయి కాని చెరగవు. కొన్ని డ్రైవులలో చెరిపినట్లు కనిపించిన ఫైళ్ళు డ్రైవును తీసి తగిలించగానే మరల ప్రత్యక్షమవుతాయి. ఫార్మాట్ ప్రతిసారి విఫలమవుతుంది.

ఇటువంటి డ్రైవులను బాగుచేస్తామని చెప్పే ఉచిత సాఫ్టువేర్లు అంతర్జాలంలో అనేకం ఉన్నాయి. వాటిలో చాలావరకు పైన చెప్పిన రిజిస్ట్రీ మార్పును, డిస్క్‌పార్ట్ ఆజ్ఞలను మాత్రమే చేస్తాయి. కంట్రోలరు తయారీదారులు కర్మాగారంలో వాడే సాధనాలు కొన్ని బయటకు వచ్చాయి. అవి డ్రైవును మొదటి నుండి తిరిగి సిద్ధం చేస్తాయి కనుక లోపలి సమాచారం మిగలదు. ఒక కంట్రోలరుకు ఉద్దేశించినది మరొక కంట్రోలరుకు పనికిరాదు. అనామక స్థలాల నుండి దింపుకొన్న సాధనాలతో పాటు వైరస్‌లు కూడా రావచ్చు. ఒకవేళ డ్రైవు తిరిగి పనిచేసినా, అరిగిన చిప్పు క్రొత్తది కాదు కాబట్టి ముఖ్యమైన సమాచారాన్ని దానికి అప్పగించరాదు.

ఈ స్థితిలో ఆలస్యం చేయటం కూడా మంచిది కాదు. అరిగిన కణాలలోని విద్యుదావేశం కాలక్రమంలో తగ్గిపోతుంది. ఈరోజు చదవటానికి వీలైన ఫైలు కొన్ని నెలల తరువాత చదవటానికి వీలు కాకపోవచ్చు. నకలు చేసేటప్పుడు దోషాలు ఎదురైతే, లినక్స్‌లోని డిడి రెస్క్యూ వంటి సాధనంతో మొత్తం డ్రైవు ప్రతిబింబాన్ని తీసి, ఆ ప్రతిబింబం నుండి ఫైళ్ళను వెలికితీయటం ఉత్తమం. ఈ సాధనం చదవటానికి వీలైన భాగాలను ముందుగా తీసుకొని, మొరాయించే భాగాలను చివరకు వదలిపెడుతుంది.

తాళం పడిన డ్రైవుతో మరొక చిక్కు ఉన్నది. దానిలో వ్రాయలేనట్లే దానిని చెరపటం కూడా సాధ్యం కాదు. హామీ కాలం ఉన్నదని దుకాణానికి తిరిగి ఇచ్చినా, చెత్తలో పారవేసినా లోపలి ఫైళ్ళు డ్రైవుతో పాటే వెళ్తాయి. ధ్రువపత్రాల నకళ్ళు, బ్యాంకు వివరాలు, కుటుంబ ఛాయాచిత్రాలు అందులో ఉంటే, క్రొత్త డ్రైవు కోసం దానిని ఇవ్వటం కంటే లోపలి చిప్పును విరగగొట్టటమే క్షేమం.

ముందు జాగ్రత్తలు

* డ్రైవును ఊడదీసే ముందు ఆపరేటింగ్ సిస్టంలోని సురక్షిత తొలగింపు సదుపాయాన్ని వాడాలి.
* డ్రైవులోని ఫైలును నేరుగా తెరచి గంటల తరబడి దిద్దే బదులు, కంప్యూటరులోనికి నకలు చేసుకొని పని ముగిసిన తరువాత తిరిగి ఎక్కించాలి. దీనివలన పదేపదే వ్రాయటం తగ్గుతుంది.
* పరిశోధనా పత్రం, ప్రాజెక్టు నివేదిక వంటివి ఒకే పెన్ డ్రైవులో మాత్రమే ఉంచరాదు. పెన్ డ్రైవు సమాచారాన్ని ఒకచోటి నుండి మరొకచోటికి చేర్చటానికి అనువైనది. దీర్ఘకాలం భద్రపరచటానికి మరొక నకలు తప్పనిసరి.
* ప్రింటు తీసే దుకాణాల వంటి బయటి చోట్ల వాడటానికి వేరుగా ఒక డ్రైవును కేటాయించుకోవాలి.

ఉపయోగాలు

వ్రాత రక్షణను కావాలని కల్పించుకొనే సందర్భాలు కూడా ఉన్నాయి. వైరస్ సోకిన కంప్యూటరును శుభ్రపరిచే సాధనాలను మీట ఉన్న డ్రైవులో ఉంచితే, ఆ వైరస్ వాటికి సోకదు. నేర పరిశోధనలో స్వాధీనం చేసుకొన్న డ్రైవును పరిశీలించే నిపుణులు రైట్ బ్లాకర్ అనే పరికరాన్ని మధ్యలో ఉంచుతారు. సాధారణంగా తగిలించినంత మాత్రాన కూడా ఆపరేటింగ్ సిస్టం డ్రైవులో కొన్ని చిన్న మార్పులు చేయవచ్చు. రైట్ బ్లాకరు చదివే ఆజ్ఞలను మాత్రమే లోనికి వదలి, వ్రాసే ఆజ్ఞలను ఆపివేస్తుంది. పరీక్షకు ముందు, తరువాత లెక్కించిన హ్యాష్ విలువలు ఒక్కటే అయితే సాక్ష్యం చెక్కుచెదరలేదని చూపవచ్చు.

ఇవి కూడా చూడండి

* ఫ్లాష్ మెమరీ
* యుఎస్‌బి
* ఫైలు వ్యవస్థ
* ఫ్లాపీ డిస్కు
* కంప్యూటరు వైరస్